మాల తీశాక మళ్లీ దమ్ము: తప్పు ఎక్కడ జరుగుతోంది?

కార్తీక మాసం వచ్చిందంటే తెలుగు ఊళ్లలో టీ కొట్ల దగ్గర ఒక మార్పు కనిపిస్తుంది. నిన్నటిదాకా టీతో పాటు సిగరెట్ అంటించిన మనిషి నల్ల బట్టలు కట్టుకుని, మెడలో మాలతో వచ్చి టీ ఒక్కటే తాగి వెళ్లిపోతాడు. కొట్టతను కూడా అలవాటు ప్రకారం సిగరెట్ పెట్టె వైపు చెయ్యి చాపడు. "స్వామీ, చక్కెర తక్కువేనా?" అని అడిగి ఊరుకుంటాడు. రోజుకి పదీ పదిహేనూ కాల్చే మనిషి అయ్యప్ప దీక్షలో 41 రోజులు ఒక్కటీ ముట్టకుండా ఉండటం అందరికీ తెలిసిన సంగతే. అందరూ అంత నిష్ఠగా ఉంటారని కాదు, కానీ ఉండేవాళ్లు చాలామంది.

తర్వాత శబరిమల వెళ్లొస్తారు, మాల తీస్తారు. ఆ వెనకే సంక్రాంతి. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి స్నేహితులంతా ఊళ్లో దిగుతారు. రాత్రి మేడ మీద పేకాట, పక్కన మందు. "ఏరా, మాల తీసేశావుగా, ఒక్క దమ్ము లాగు" అని ఎవరో అందిస్తారు. ఒక్క దమ్మే. మర్నాడు టీతో ఒకటి. ఉగాది వచ్చేసరికి మళ్లీ పాత లెక్కే.

ఇంట్లోవాళ్లూ, ఆ మనిషీ కూడా దీనికి ఒకే అర్థం చెప్పుకుంటారు: దేవుడి మీద భయంతో ఆగాడు గానీ, మనిషిలో పట్టుదల లేదని. ఈ మాట ఎంత మామూలైపోయిందో అంత తప్పు. 41 రోజులు ఆగిన మనిషికి పట్టుదల లేదనడం ఎలా కుదురుతుంది? పట్టుదల ఉంది. మాల తీసిన రోజున పోయింది వేరే ఏదో. అదేమిటో తెలిస్తే, మళ్లీ మొదలెట్టినవాళ్లు మళ్లీ మానడానికి దారి కూడా అక్కడే దొరుకుతుంది.

ముందు ఒంటి సంగతి చూద్దాం. పొగ పీల్చిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది. అంత వేగంగా అందడమే దాని బలం. దాదాపు రెండు గంటల్లో రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోతుంది, అందుకే గంటా రెండు గంటలకల్లా మళ్లీ కావాలనిపిస్తుంది. మానేస్తే కొన్ని గంటల్లోనే చిరాకు, అసహనం, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం మొదలవుతాయి. రెండో రోజు, మూడో రోజు ఇవి బాగా ఎక్కువగా ఉంటాయి. ఆ తర్వాత తగ్గుతూ, చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి.

ఇప్పుడు దీక్ష లెక్క వేసి చూడండి. 41 రోజులంటే దాదాపు ఆరు వారాలు. నికోటిన్ లేకపోతే ఒళ్లు పడే బాధ ఆ లోపే చాలావరకు తీరిపోతుంది. అంటే సంక్రాంతి రాత్రి మేడ మీద చెయ్యి చాపించింది ఒంటి బాధ కాదు. ఏళ్ల తరబడి మెదడు కట్టిన ముడి. టీ గ్లాసుకీ సిగరెట్‌కీ, భోజనానికీ సిగరెట్‌కీ, ఆఫీసులో పై అధికారితో మాట్లాడి బయటికొచ్చిన క్షణానికీ సిగరెట్‌కీ, అన్నిటికన్నా మందు గ్లాసుకీ సిగరెట్‌కీ పడిన ముడి. ఇది నెలలకి కూడా పూర్తిగా ఊడదు. ఆ చోటు, ఆ మనుషులు, ఆ వాసన కనిపిస్తే చాలు, కోరిక లేచి కూర్చుంటుంది. మంచి సంగతి ఏమిటంటే, ఆ కోరిక ఎంత గట్టిగా వచ్చినా కొద్ది నిమిషాల్లో దానంతటదే దిగిపోతుంది. అప్పటికి చేతికి సిగరెట్ అందకుండా ఉండటమే కావాల్సింది.

దీక్ష చేసిన పని సరిగ్గా అదే. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, రెండు పూటలా పూజ, మధ్యాహ్నం భిక్ష, నేల మీద పడక. రోజు మొత్తం మారిపోయింది కాబట్టి పాత ముడులు తగిలే సందర్భాలు సగం మాయమయ్యాయి. మందు లేదు. సాయంత్రం స్నేహితుల అడ్డా బదులు భజన. ఇంట్లోవాళ్లూ, ఆఫీసులోవాళ్లూ "స్వామీ" అని పిలుస్తారు, కాబట్టి ఈ మనిషి ఇప్పుడు పొగ తాగడని రోజుకి వందసార్లు గుర్తు చేసినట్టు. ఎవరూ సిగరెట్ ఇవ్వరు, ఇవ్వడం తప్పని అందరికీ తెలుసు. అడగడానికి గురుస్వామి ఉన్నాడు. ఇన్ని చేతులు కలిసి పట్టుకున్నాయి. మాల తీసిన రోజున ఈ చేతులన్నీ ఒక్కసారిగా వదిలేశాయి. భక్తి పోలేదు, పట్టుదల పోలేదు. తోడు పోయింది.

రంజాన్ నెలలోనూ ఇదే కనిపిస్తుంది. సహర్ నుంచి ఇఫ్తార్ దాకా నీళ్లు కూడా ముట్టని మనిషి సిగరెట్ లేకుండా పగలంతా గడిపేస్తాడు. ఊరంతా కలిసి ఉన్నప్పుడు సాధ్యమైనది, ఒంటరిగా ఉన్నప్పుడు ఎందుకు సాధ్యం కావడం లేదన్నదే అసలు ప్రశ్న.

ఒంటరి ప్రయత్నం ఎంత కష్టమో అధ్యయనాలు కూడా చెబుతున్నాయి. డాక్టరు మందులు గానీ సలహా గానీ లేకుండా తమంతట తాము మానడానికి ప్రయత్నించినవాళ్లలో ఆరు నెలల నుంచి ఏడాది దాకా నిలబడేవాళ్లు 3 నుంచి 5 శాతమేనని 2004లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. ఎక్కువమంది మొదటి ఎనిమిది రోజుల్లోనే మళ్లీ మొదలెట్టారు. కెనడాలో 2016లో వెలువడిన మరో అధ్యయనం అంచనా ప్రకారం, పూర్తిగా మానేలోపు చాలామందికి 30 లేదా అంతకన్నా ఎక్కువ ప్రయత్నాలే పట్టవచ్చు. ఈ అంకెలు చూసి దిగులు పడక్కర్లేదు. రెండోసారో ఐదోసారో మళ్లీ మొదలెట్టిన మనిషి అందరూ నడిచే దారిలోనే ఉన్నాడని వీటి అర్థం.

జారడం వేరు, పడిపోవడం వేరు

మళ్లీ మొదలవడంలో రెండు దశలుంటాయి. ఒక సిగరెట్ కాల్చడం ఒకటి. మళ్లీ రోజూ కాల్చే మనిషిగా మారిపోవడం ఇంకొకటి. ఈ రెంటి మధ్య కొన్ని గంటలో, రోజులో, వారాలో ఎడం ఉంటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. నిజానికి అన్నీ తేలేది ఆ ఎడంలోనే.

వ్యసనాల మీద పనిచేసిన అమెరికా మనస్తత్వవేత్త ఆలన్ మార్లాట్ ఈ మధ్య దశను జాగ్రత్తగా గమనించాడు. ఒట్టు పెట్టుకున్న మనిషి ఒక్కసారి జారగానే "నేనింతే, నా వల్ల కాదు" అని తన మీద తానే తీర్పు చెప్పుకుంటాడు. ఆ సిగ్గు భరించలేక ఓదార్పు కోసం రెండోది అంటిస్తాడు. "ఎలాగూ పోయింది కదా" అన్న మాటతో మూడోది. ఇందులో నికోటిన్ పాత్ర ఉంది, కాదనలేం. రెండు మూడు దమ్ములకే అది మెదడులో తన చోట్లు బాగానే ఆక్రమిస్తుంది. కానీ ఒక సిగరెట్‌ని పెట్టెగా మార్చడంలో సిగ్గు చేసే పని తక్కువేం కాదు.

ఆ మొదటి సాయంత్రాన్ని దగ్గర నుంచి చూద్దాం. సిగరెట్ మానేసిన ఒక మనిషి 52 రోజుల తర్వాత ఆఫీసు దగ్గర పాన్ డబ్బాలో ఒక లూజు సిగరెట్ కొన్నాడనుకోండి. అక్కడ వేలాడే తాడు కొసతో అంటించుకున్నాడు. సగంలో తల తిరిగింది, అయినా పూర్తి చేశాడు. సోంపు నమిలాడు. బైక్ మీద ఇంటికి రెండు వీధులు ఎక్కువ తిరిగి వెళ్లాడు, గాలికి వాసన పోతుందని. ఇంటికి రాగానే ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా బాత్‌రూమ్‌లోకి. చొక్కా తీసి నేరుగా బకెట్‌లో పడేశాడు. పాప పరుగెత్తుకొస్తే "ఉండమ్మా, స్నానం చేసొస్తా" అన్నాడు. భార్యకి అర్థమైంది. బకెట్‌లో చొక్కా చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

ఇక్కడ ఆమె అనబోయే మాట మీద చాలా ఆధారపడి ఉంటుంది. "మళ్లీ మొదలెట్టారా? మీరు మాట మీద నిలబడింది ఎప్పుడు కనక!" అనడం సహజమే. ఆమె కోపంలో న్యాయం ఉంది, భయం కూడా ఉంది. కానీ ఆ మాట విన్న మనిషి రేపటి నుంచి ఇంకా జాగ్రత్తగా దాస్తాడు. దాచడం మొదలైందంటే సాయం ఆగిపోయినట్టే. "52 రోజులు ఆగారు కదండీ. ఇవాళ ఏమైంది?" అని అడిగితే అదే మనిషి నోరు విప్పుతాడు. సాయంత్రం ఆరింటికి, పలానా మీటింగ్ తర్వాత, పలానా మనిషితో కలిసి అని చెబుతాడు. ఆ జవాబులోనే తర్వాతి ప్రయత్నానికి కావాల్సిన సమాచారమంతా ఉంటుంది.

తోడు అంటే కాపలా కాదు

ఇక్కడ ఒక చిక్కు ఉంది. జీవిత భాగస్వామికి శిక్షణ ఇచ్చి సాయం చేయిస్తే మానేవాళ్లు పెరుగుతారా అని పలు దేశాల్లో పరీక్షించి చూశారు. ఆ ఫలితాలన్నీ కలిపి చూసిన సమీక్షల్లో స్పష్టమైన లాభం కనిపించలేదు. ఇంట్లోవాళ్ల మద్దతు చాలు అనుకునేవాళ్లకి ఇది మింగుడు పడని విషయం. అయితే అదే కోవలోని ఇతర పరిశీలనల్లో ఇంకొకటి తేలింది. మెచ్చుకోవడం, ఓపిక పట్టడం ఎంత ఉంది, సాధించడం, నిఘా పెట్టడం ఎంత ఉంది అన్న నిష్పత్తి ముఖ్యమని. జేబులు తడిమే చెయ్యీ, నోరు వాసన చూసే ముక్కూ ప్రేమతోనే ఆ పని చేయవచ్చు. ఎదుటి మనిషికి మాత్రం అది పోలీసు తనిఖీలాగే తగులుతుంది.

మాటలకన్నా బలంగా పనిచేసేది పక్క మనిషి కూడా మానడం. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో దశాబ్దాలుగా సాగిన గుండె అధ్యయనంలోని 12,067 మంది సమాచారాన్ని, 1971 నుంచి 2003 దాకా వాళ్ల స్నేహాలు, బంధుత్వాలతో సహా ఇద్దరు పరిశోధకులు విశ్లేషించి 2008లో ప్రచురించారు. భార్యాభర్తల్లో ఒకరు మానేస్తే రెండోవారు కాల్చే అవకాశం 67 శాతం తగ్గింది. స్నేహితుడు మానేస్తే 36 శాతం, చిన్న ఆఫీసుల్లో కలిసి పనిచేసే మనిషి మానేస్తే 34 శాతం, తోబుట్టువు మానేస్తే 25 శాతం. గుంపులు గుంపులుగా మానేయడం కూడా వాళ్లకి కనిపించింది. ఒకేలాంటివాళ్లు స్నేహితులవుతారు కాబట్టి ఈ లెక్కను కొంత తగ్గించి చూడాలనేవాళ్లూ ఉన్నారు. అయినా నలుగురు కలిసి మాల వేసుకున్న బ్యాచ్‌లో సిగరెట్ ఎందుకు కనిపించదో తెలిసినవాళ్లకి ఇది వింతగా తోచదు.

అందుకే స్నేహితుల బాధ్యత ఇంటివాళ్ల బాధ్యత కన్నా తక్కువేం కాదు. మానినవాడి ముందు పెట్టె తియ్యకుండా పది అడుగులు పక్కకి వెళ్లి కాల్చుకుంటే చాలు, పెద్ద సాయం. "ఒక్కటే కదా మావా, ఏం కాదు" అన్న మాట నవ్వుతూ అన్నదే, కానీ దాని ఖరీదు 52 రోజులు. మందు పార్టీలైతే మొదటి రెండు మూడు నెలలు మానుకోవడమే మంచిది. మందు పడ్డాక "వద్దు" అనే శక్తి ఎవరికైనా సగమైపోతుంది.

ఆడవాళ్ల సంగతి వేరు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు ఇప్పటికీ ఉన్నారు. అంగుడి మీద మచ్చలు, పుళ్లు, క్యాన్సర్ ముప్పు ఆ అలవాటుతోనే వస్తాయని వైద్యులు ఎప్పుడో గుర్తించారు. మరోపక్క నగరాల్లో సిగరెట్ కాల్చే అమ్మాయిలు మానాలనుకున్నా ఇంట్లో చెప్పుకోలేరు, ఎందుకంటే కాలుస్తున్న సంగతే ఇంట్లో తెలియదు. వీళ్లకి ఇంటి తోడు దొరకదు. బయటి సాయం వీళ్లకే ఎక్కువ అవసరం.

మందులు, ఫోను

మనవాళ్లు తక్కువగా వాడేదీ, వాడినా తప్పుగా వాడేదీ నికోటిన్ గమ్. మందుల షాపుల్లో 2 మిల్లీగ్రాములది, 4 మిల్లీగ్రాములది అని రెండు రకాలు దొరుకుతాయి. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించే మనిషికి సాధారణంగా 4 మిల్లీగ్రాములది సూచిస్తారు. దీన్ని బబుల్ గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి వెక్కిళ్లు, గుండెల్లో మంట వస్తాయి. "ఇది నాకు పడలేదు" అని పారేసేవాళ్లలో చాలామంది చేసింది ఇదే. నెమ్మదిగా నాలుగైదుసార్లు నమలాలి. నాలుక మీద ఘాటు తగలగానే ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య దోపి ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి, మళ్లీ దోపాలి. అరగంట ఇలా. ముందు పావుగంట, నమిలేటంత సేపు మంచినీళ్లు తప్ప ఏమీ తాగకూడదు, తినకూడదు. టీ తాగుతూ గమ్ నమిలితే ప్రయోజనం పోతుంది.

ఒంటికి అంటించే ప్యాచ్ రోజంతా నెమ్మదిగా నికోటిన్ ఇస్తుంది. ప్యాచ్‌తో పాటు గమ్ కూడా వాడితే ఏదో ఒక్కటే వాడినదానికన్నా ఎక్కువమంది మానగలిగారని తేలింది. జారినవాళ్లకి ఇక్కడొక ముఖ్యమైన విషయం. ఒక సిగరెట్ కాల్చగానే "ఇక దండగ" అని ప్యాచ్ పీకేయకూడదు. జారిన తర్వాత కూడా ప్యాచ్ కొనసాగించినవాళ్లు మళ్లీ మానడం ఎక్కువగా కనిపించింది. వేరెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలు కూడా ఉన్నాయి. ఇవి డాక్టరు రాస్తేనే వాడాలి. ఫిట్స్ ఉన్నవాళ్లకి బుప్రోపియాన్ పనికిరాదు. 2024 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు మానడంపై విడుదల చేసిన మొదటి చికిత్సా మార్గదర్శకాల్లో ఈ మందులూ, వాటితో పాటు కౌన్సెలింగూ కలిపి వాడమనే చెప్పింది. బీడీ, సిగరెట్ మానడానికి ఖైనీకో గుట్కాకో మారడం మాత్రం మానడం కిందికి రాదు. నికోటిన్ అదే, నోటి క్యాన్సర్ ముప్పు అదనం.

టీ, కాఫీ విషయం చాలామందికి తెలియదు. పొగలోని కొన్ని రసాయనాల వల్ల పొగతాగే మనిషి ఒంట్లో కెఫీన్ త్వరగా కరిగిపోతుంది. పొగ మానేశాక అదే నాలుగు కప్పులు తాగితే కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. గుండె దడ, చేతుల వణుకు, రాత్రి నిద్ర రాకపోవడం. వీటన్నిటినీ సిగరెట్ లేకపోవడం మీదికి నెట్టి మళ్లీ అంటిస్తారు. మానిన రోజు నుంచే టీ, కాఫీ సగానికి తగ్గిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. టెన్షన్ తగ్గడానికే కాలుస్తున్నానన్న నమ్మకం కూడా ఇలాంటిదే. సిగరెట్ తగ్గించేది ముందటి సిగరెట్ ప్రభావం దిగడం వల్ల వచ్చిన టెన్షన్‌నే. మానేసి కొన్ని వారాలు గడిచినవాళ్లలో ఆందోళన, దిగులు తగ్గినట్టే అధ్యయనాలు చూపించాయి.

వయసైపోయింది, ఇంక మాని ఏం లాభం అనేవాళ్లకి బ్రిటన్ డాక్టర్ల మీద 50 ఏళ్లు సాగిన అధ్యయనం జవాబు చెబుతుంది. 2004లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం 60 ఏళ్ల వయసులో మానితే సుమారు 3 ఏళ్లు, 50లో మానితే 6, 40లో మానితే 9, 30లో మానితే దాదాపు 10 ఏళ్ల ఆయుష్షు దక్కుతుంది.

ఇంట్లో చెప్పుకోలేనివాళ్లకీ, చెప్పుకున్నా తోడు చాలనివాళ్లకీ ఒక ఫోన్ నంబర్ ఉంది. 1800-112-356. ఇది కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రారంభించిన క్విట్‌లైన్, అంటే పొగాకు మానడానికి ఫోన్‌లో సాయం చేసే సేవ. తర్వాత బెంగళూరు నిమ్‌హాన్స్ లాంటి చోట్లకీ విస్తరించింది, దక్షిణాది భాషల్లోనూ మాట్లాడతారు. డబ్బులేం పడవు. ఎప్పటి నుంచి కాలుస్తున్నారు, రోజుకెన్ని, ఇంతకుముందు ఎప్పుడు మానారు, ఎక్కడ మళ్లీ మొదలైంది వంటివి అడుగుతారు. మానే తేదీ ఒకటి అనుకుంటారు. 2018 సెప్టెంబరు నుంచి ఈ నంబరును ప్రతి పొగాకు పెట్టె మీదా అచ్చు వేస్తున్నారు. అంటే మళ్లీ మొదలెట్టిన మనిషి చేతిలోనే ఆ నంబరు ఉంది.

మళ్లీ మానే ప్రయత్నం మొదటి ప్రయత్నంలా ఉండకూడదు. ఈసారి ఎక్కడ జారతామో తెలుసు. సాయంత్రం పాన్ డబ్బా దగ్గర జారితే ఆ నెలంతా ఇంకో దారిన ఇంటికి రావాలి. భోజనం తర్వాతైతే కంచం కడుక్కుని వెంటనే పది నిమిషాలు నడవాలి. మేడ మీద పేకాటలోనైతే ఆ సంక్రాంతికి కింద వరండాలోనే కూర్చోవాలి. కోరిక లేచినప్పుడు ఫోన్ చేయడానికి ఒక మనిషిని ముందే అనుకుని, అతనితో ఆ మాట చెప్పి పెట్టుకోవాలి. "నేను ఫోన్ చేస్తే ఐదు నిమిషాలు ఏదో ఒకటి మాట్లాడు, సిగరెట్ గురించి మాత్రం అడగకు" అని చెబితే చాలు.

ఆ మనిషి ఎవరన్న ప్రశ్నకి దీక్ష తీసుకున్నవాళ్ల దగ్గర ఎప్పటి నుంచో జవాబుంది. గురుస్వామి. సీజన్‌లో ప్రతి బ్యాచ్‌కీ ఒక వాట్సాప్ గ్రూప్ ఉంటుంది. భిక్ష ఎవరింట్లో, పడిపూజ ఎప్పుడు, రైలు టికెట్లు ఎవరి దగ్గర అని రోజూ మోగుతుంది. శబరిమల నుంచి వచ్చిన వారంలో ఆ గ్రూప్ చల్లబడిపోతుంది, మళ్లీ వచ్చే కార్తీకం దాకా ఎవరూ పలకరు. సరిగ్గా ఆ వారంలోనే సిగరెట్ తిరిగొస్తోంది. మాల తీశాక ఇంకో రెండు నెలలు, రోజూ సాయంత్రం టీ వేళకి, గురుస్వామి ఆ గ్రూప్‌లో ఒక్క మాట అడిగితే చాలు: "స్వాములూ, ఇవాళ ఎవరికైనా కష్టంగా ఉందా?" ఎవరో ఒకరు "నాకు, స్వామీ" అంటారు. అతనికి వెంటనే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.